బాంబ్రాలో గ్రేస్ డార్లింగ్ మ్యూజియం: ఆ పడవ దగ్గర కాసేపు ఆగండి

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో, నార్తంబర్లండ్ ప్రాంతంలో బాంబ్రా అనే పల్లె ఉంది. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది గుట్ట మీది కోట చూసి, ఇసుకలో నాలుగడుగులు నడిచి, ఐస్‌క్రీమ్ తిని వెనుదిరుగుతారు. సెయింట్ ఎయిడన్ చర్చికి ఎదురుగా ఉన్న గ్రేస్ డార్లింగ్ మ్యూజియంలోకి కూడా వెళ్లమని చెప్పడానికే ఈ సమీక్ష. గ్రేస్ ఒక దీపస్తంభం కాపరి కూతురు, 1838లో తుపానులో తండ్రితో కలిసి పడవలో వెళ్లి, విరిగిన ఓడలోని మనుషుల్ని కాపాడిన అమ్మాయి. టికెట్ లేదు, తోచినంత విరాళం ఇవ్వవచ్చు. హడావిడిగా తిరిగితే అరగంటలో అయిపోతుంది. దయచేసి అలా తిరగకండి.

నేను సరకు ఓడల్లో ఇంజనీరును. మాది విశాఖపట్నం. పై లైసెన్సు పరీక్షల కోసం ప్రస్తుతం సౌత్ షీల్డ్స్‌లో ఉంటున్నాను. మన దేశం నుంచి ఎందరో నావికులు ఇదే పని మీద ఆ ఊరికి వస్తుంటారు. అక్కడి ఓషన్ రోడ్డులో 1833లో కట్టిన ‘టైన్’ అనే పాత లైఫ్‌బోటును ఒక పందిరి కింద నిలబెట్టి ఉంచారు. రోజూ దాని పక్కనుంచే నడుస్తాను. ఆ తీరం వాళ్లకు సముద్రంలో మనుషుల్ని కాపాడటం పాత వృత్తి. శ్రీకాకుళం జిల్లా కుర్రవాడు, నాతోపాటు చదువుతున్నవాడు, ‘అన్నా, బాంబ్రా వెళ్లొద్దాం, అక్కడ అసలు పడవే ఉందట’ అంటే సరేనన్నాను.

అసలు పడవే ఉంది. 1838 సెప్టెంబర్ 7 ఉదయం తుపాను గాలిలో, బాంబ్రాకు ఎదురుగా సముద్రంలో ఉన్న ఫార్న్ దీవుల్లోని లాంగ్‌స్టోన్ దీపస్తంభం నుంచి తండ్రీ కూతుళ్లు బయలుదేరిన పడవ అదే. కోబుల్ అని పిలిచే చేపల పడవ. పొడవు 21 అడుగులు, అంటే మీటర్లలో 6.4. ఒక చెక్క అంచు మీద మరో చెక్క అంచు ఎక్కించి, మేకులు దిగ్గొట్టి కట్టారు. ముక్కు దగ్గర లోతుగా దిగి, వెనక్కి వెళ్లేకొద్దీ అడుగు చదునవుతుంది. ముందు భాగం నీటిని కోయాలి, వెనుక భాగం ఇసుక మీదికి సులువుగా జారాలి. ఇంజన్ లేదు, పైన కప్పు లేదు, బోర్లాపడితే తనంతట తాను లేచే ఏర్పాటు లేదు. నలుగురు తెడ్లు వేస్తే నడిచేలా కట్టిన పడవను ఆ రోజు ఇద్దరు నడిపారు.

కొలతలు చూడగానే నాకు మా ఓడల మీది రెస్క్యూ బోటు గుర్తొచ్చింది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం దాని పొడవు 3.8 మీటర్లకు తగ్గకూడదు, 8.5 మీటర్లు మించకూడదు. కనీసం అయిదుగురు కూర్చోవడానికి, ఒకరు పడుకోవడానికి చోటుండాలి. గంటకు ఆరు నాటికల్ మైళ్ల వేగంతో నాలుగు గంటలు నడవాలి. పొడవులోనూ చోటులోనూ ఈ చెక్క పడవ దాదాపు ఆ లెక్కకు సరిపోతుంది. లేనిదల్లా ఆ వేగాన్నిచ్చే ఇంజను. దాని స్థానంలో ఉన్నవి విలియం డార్లింగ్ చేతులు, ఇరవై రెండేళ్ల గ్రేస్ చేతులు.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. ఫోర్ఫార్‌షైర్ అనే చక్రాల ఆవిరి ఓడ సెప్టెంబర్ 5 సాయంత్రం హల్ రేవు నుంచి స్కాట్లండ్‌లోని డండీకి బయలుదేరింది. 1834లో కట్టిన ఓడ, అంటే నాలుగేళ్లదే. సుమారు అరవై మంది ఉన్నారు. దారిలోనే బాయిలర్లు కారడం మొదలైంది. మర్నాడు రాత్రి గాలి ముదిరి, స్కాట్లండ్ తీరం దగ్గర ఇంజన్లు పూర్తిగా ఆగిపోయాయి. తెరచాపలు ఎత్తి, ఉత్తరపు గాలికి దక్షిణంగా కొట్టుకొస్తూ, ఫార్న్ దీవులకూ ఒడ్డుకూ మధ్యనున్న నీళ్లలో తలదాచుకోవాలని కెప్టెన్ అనుకున్నాడు. చీకట్లో లాంగ్‌స్టోన్ దీపాన్ని చూసి ఒడ్డుకు దగ్గరి దీవి ఇన్నర్ ఫార్న్ దీపమని పొరబడ్డాడని చెబుతారు. తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో బిగ్ హార్కర్ అనే రాతిదిబ్బకు ఓడ గుద్దుకుని రెండుగా విరిగింది. ప్రయాణికుల్లో చాలామంది ఉన్న వెనుక సగాన్ని నిమిషాల్లో సముద్రం ఈడ్చుకుపోయింది.

బాయిలర్ విషయంలో నేను కాస్త ఆగి మాట్లాడాలి, అది నా పని కాబట్టి. గొట్టాల్లోంచి, అతుకుల్లోంచి నీరు కారితే మంటలు ఆరతాయి. ఒక పొయ్యి ఆరితే ఆవిరి ఒత్తిడి పడిపోతుంది. ఒత్తిడి పడిపోతే చక్రాలు తిరగవు. ఇవన్నీ ఒక్క క్షణంలో జరిగేవి కావు, ఇంజన్ గదిలో ఉన్నవాడికి గంటల ముందే తెలుస్తాయి. హల్ నుంచి డండీ వెళ్లే దారిలో టైన్ నది ఓడరేవు ఉంది. అక్కడికి మళ్లి ఉంటే ఎవరికీ గ్రేస్ డార్లింగ్ పేరు తెలిసేది కాదు, నలభై మందికి పైగా బతికేవారు. ప్రమాదం తరువాత జరిగిన మొదటి విచారణలో జ్యూరీ కూడా బాయిలర్ల లోపాన్నీ, వెనక్కి మళ్లని కెప్టెన్‌నూ తప్పుపట్టింది. కెప్టెన్ జాన్ హంబుల్, ఆయన భార్య ఇద్దరూ ఆ ఓడతోనే పోయారు.

ఇది పాతకాలపు ముచ్చట అనుకునేవాళ్లకు ఒక మాట. 2019 మార్చి 23న నార్వే తీరంలో వైకింగ్ స్కై అనే విహార నౌక, 1,373 మందితో, తుపానులో ఇంజన్లన్నీ ఆగి రాళ్ల వైపు కొట్టుకుపోయింది. కారణం ఏమిటంటే, ఇంజన్ల కందెన నూనె ఉండాల్సిన మట్టం కన్నా తక్కువ ఉంది, ఓడ ఊగినప్పుడు పంపుకు నూనె అందలేదు. రాళ్లు అతి దగ్గరకు వచ్చాక సిబ్బంది ఇంజన్ మళ్లీ నడిపించగలిగారు. హెలికాప్టర్లు 479 మందిని ఒక్కొక్కరిగా పైకి లాగాయి. మంచి వాతావరణంలో చిన్న మరమ్మతుగా మిగిలేది, ఒడ్డు వైపు వీచే గాలిలో ప్రాణాల మీదికి వస్తుంది. ఇంజన్ గదిలో పనిచేసే ప్రతివాడూ ఫోర్ఫార్‌షైర్ కథ చదవాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

మళ్లీ పడవ దగ్గరికి. తెల్లవారకముందే గ్రేస్ తన గది కిటికీలోంచి విరిగిన ఓడను చూసింది. ఏడు గంటలకు వెలుగొచ్చి, పోటు కొంత తగ్గాక, రాతిమీద మనుషులు కదులుతున్నట్టు కనిపించింది. ఇక్కడినుంచే ఈ కథ సాధారణంగా తప్పుగా చెబుతారు. అమ్మాయి ఏడ్చి బతిమాలిందని, తండ్రి వద్దన్నాడని, చివరికి ఆమె పడవలోకి దూకిందని. విలియం డార్లింగ్ తరువాత దీపస్తంభాల సంస్థకు రాసిన ఉత్తరంలో అలాంటిదేమీ లేదు. ఆయన రాసింది నావికుడి లెక్క. మనం అక్కడిదాకా వెళ్లగలిగితే, బతికున్నవాళ్లలో కొందరు తెడ్లు పట్టి తిరుగు ప్రయాణానికి సాయపడతారు, ఆ సాయం లేకుండా తిరిగి రాలేము అని తండ్రీ కూతుళ్లు ముందే అనుకున్నారట. ఒడ్డునుంచి మరో పడవ వస్తుందన్న ఆశ వాళ్లకు లేదు.

ఈ ఒక్క విషయం మీదే నేను ఆ పడవ ముందు చాలాసేపు నిలబడ్డాను. వెళ్లేటప్పుడు ఇద్దరి బలం చాలు, వచ్చేటప్పుడు చాలదు. ఆ లోటును పూడ్చేది ఎవరు? కాపాడబోయే మనుషులే. రాతి మీద ఉన్నది ప్రయాణికులా, నావికులా, చేతులు కదపగలిగే స్థితిలో ఉన్నారా అన్నది దూరం నుంచి తెలియదు. తెలియకుండానే, ఆలోచించుకునే, బయలుదేరారు. తల్లి థామసిన్ పడవను నీళ్లలోకి దించడానికి చెయ్యి వేసింది.

నేరుగా వెళ్తే దగ్గరే. కానీ విలియం నేరుగా వెళ్లలేదు. గాలి ఉత్తరం నుంచి కొడుతోంది కనుక, దిబ్బల దక్షిణపు పక్కన గాలి చాటు పట్టుకుని చుట్టూ తిరిగి, సుమారు ఒక మైలు తెడ్లు వేశారు. దూరం పెరిగినా అల దెబ్బ తగ్గుతుంది. మన తీరంలోనైనా వేటకు వెళ్లేవాళ్లు అల మొహాన్ని తప్పించే దారే వెతుకుతారు. రాయి దగ్గరికి చేరాక తండ్రి పడవలోంచి రాతిమీదికి దూకాడు. ఆ తరువాత పడవలో గ్రేస్ ఒక్కతే. రెండు తెడ్లూ తనే పట్టి, ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ లాగుతూ, పడవ రాయికి కొట్టుకుని పగలకుండా, అలాగని దూరంగా కొట్టుకుపోకుండా నిలబెట్టింది. డ్రిల్లుల్లో ఓడ పక్కన రెస్క్యూ బోటును అలా నిలపడం ఎంత కష్టమో నాకు తెలుసు. మాకు ఇంజన్ ఉంటుంది, తాడు ఉంటుంది, పైనుంచి అరిచే ఆఫీసరు ఉంటాడు. ఆమె ఖ్యాతికి ఆధారం ఆ కాసిని నిమిషాలే అని నా అభిప్రాయం. మ్యూజియంలో పడవ పక్కన నిలబడి, తెడ్లు ఉండే చోట్లకు చేతులు చాచి చూడండి. రెండు తెడ్ల మధ్య ఒక మనిషి ఎంత చిన్నగా కనబడుతుందో అర్థమవుతుంది.

రాతిమీద తొమ్మిదిమంది బతికున్నారు, ఎనిమిదిమంది మగవాళ్లు, ఒక స్త్రీ. ఆమె పేరు సారా డాసన్. ఇద్దరు పిల్లలు ఆ రాత్రి ఆ రాతిమీదే, ఆమె చేతుల్లో చనిపోయారు. తొమ్మిదిమందినీ ఒకేసారి ఎక్కిస్తే పడవ ఆగదని విలియం నిర్ణయించి, ఆమెనూ నలుగురు మగవాళ్లనూ మొదట తీసుకెళ్లాడు. పిల్లల శరీరాలను అక్కడే వదిలి ఆ తల్లిని పడవ ఎక్కించాల్సి వచ్చింది. బతికున్నవాళ్లకే చోటు. నిర్దయగా వినిపించినా, ఆ పడవలో అంతకు మించి వీలు లేదు. దీపస్తంభం చేరాక గ్రేస్, ఆమె తల్లి వచ్చినవాళ్లను చూసుకుంటుంటే, కాపాడినవాళ్లలో ఇద్దరితో కలిసి విలియం మళ్లీ వెళ్లి మిగతా నలుగురినీ తెచ్చాడు. తొమ్మిది గంటలకు అందరూ లాంగ్‌స్టోన్‌లో ఉన్నారు. లెక్క తప్పలేదు. వచ్చినవాళ్లే తెడ్లు పట్టారు.

మ్యూజియంలో పడవ కాకుండా ఇంకా చాలా ఉన్నాయి. ఉత్తరాలు, చిత్రపటాలు, ఆమె జుట్టు పాయ. జుట్టు పాయ ఎందుకంటే, పత్రికలు రాశాక దేశం మొత్తం ఆమె మీద పడింది. చిత్రకారులు వరసగా దీవికి వచ్చి కూర్చోబెట్టి బొమ్మలు గీశారు. జుట్టు పంపమని, గౌను ముక్క పంపమని ఉత్తరాలు వచ్చాయి. రంగస్థలం మీద పడవలో కూర్చుంటే చాలు డబ్బిస్తామన్నారు, ఆమె ఒప్పుకోలేదు. విక్టోరియా రాణి 50 పౌండ్లు పంపింది. ఇప్పుడు ఈ మ్యూజియాన్ని నడుపుతున్న ప్రాణరక్షణ సంస్థ తండ్రికీ కూతురికీ వెండి పతకాలు ఇచ్చింది. నాలుగేళ్లకే, 1842 అక్టోబర్ 20న, క్షయతో ఆమె చనిపోయింది. ఇరవై ఆరేళ్లు. ఈ గదుల్లో తిరుగుతుంటే ఆ అమ్మాయిని తుపాను కన్నా జనమే ఎక్కువ అలసిపోయేలా చేశారని నాకు గట్టిగా అనిపించింది.

ఇంకో ఏడుగురి గురించి కూడా చెప్పాలి. అదే ఉదయం ఒడ్డున ఉన్న నార్త్ సండర్లండ్ నుంచి ఏడుగురు మత్స్యకారులు తెడ్లు వేసుకుంటూ బయలుదేరారు. వాళ్లలో గ్రేస్ తమ్ముడు విలియం బ్రూక్స్ డార్లింగ్ ఒకడు. వాళ్లు చాటు లేని సముద్రంలో అయిదు మైళ్ల దూరం దాటి వచ్చేసరికి రాతిమీద శవాలే ఉన్నాయి. తిరిగి వెళ్లలేని గాలి. లాంగ్‌స్టోన్‌కు చేరితే దీపస్తంభం అప్పటికే నిండిపోయింది. పక్కనున్న పాడుబడ్డ కొట్టంలో రాత్రుళ్లు గడిపి, ఆదివారం గాని ఇంటికి పోలేకపోయారు. ఎవరినీ కాపాడే అవకాశం రాలేదు కాబట్టి వాళ్ల పేర్లు పాటల్లోకి ఎక్కలేదు. శ్రమలో, ప్రమాదంలో వాళ్ల వంతు ఏమీ తక్కువ కాదు. ఆ సంగతి తెలుసుకుని పడవను చూడండి.

మనవైపూ ఇలాంటివాళ్లు ఉన్నారు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పుడు 26 మంది బతికి బయటపడ్డారు. చిన్న పడవల మీద ముందుగా సుడుల్లోకి వెళ్లింది ఒడ్డున ఉన్న గిరిజన గ్రామాల వాళ్లే. ఆ పడవల్లో ఒక్కటైనా ఎక్కడైనా భద్రపరిచి, పక్కన నడిపినవాళ్ల పేర్లు రాసి పెడితే బాగుంటుందని బాంబ్రాలో నిలబడి కోరుకున్నాను. పోలవరం వెళ్లే దారిలో అలాంటి గది ఒకటి ఉంటే నేను మొదటి విరాళం ఇస్తాను.

మ్యూజియం నడిపేది రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్, అందరూ ఆర్.ఎన్.ఎల్.ఐ. అంటారు. 1824లో మొదలైన స్వచ్ఛంద సంస్థ. ప్రభుత్వ శాఖ కాదు, విరాళాలతో నడుస్తుంది. 238 కేంద్రాలు, బోటు ఎక్కేవాళ్లలో అత్యధికులు జీతం లేని వాలంటీర్లు. ఉపాధ్యాయులు, వడ్రంగులు, దుకాణదారులు. పిలుపు రాగానే చేతిలో పని వదిలి పరుగెత్తుతారు. రెండు వందల ఏళ్లలో 1,46,000 మందికి పైగా ప్రాణాలు కాపాడారు. కాపాడినందుకు బిల్లు పంపరు. ఇప్పటి వాళ్ల షానన్ తరగతి బోటు గంటకు 25 నాటికల్ మైళ్ల వేగంతో పోతుంది, బోర్లాపడినా తిరిగి లేస్తుంది. కాబట్టి విరాళాల పెట్టె దగ్గర మొహమాటపడకండి. కోట టికెట్‌కు పెట్టేంత డబ్బయినా అందులో వేయడం న్యాయం.

అక్కడి సిబ్బందిలో ఒక పెద్దావిడతో మాట్లాడాం. నేను ఓడ ఇంజనీరునని తెలియగానే బాయిలర్ల గురించి నన్నే అడిగి, శ్రద్ధగా విని, తరువాత గాలి దిశ, పోటు సమయాలు చేత్తో గాల్లో గీసి చూపించారు. తెలిసిన మనిషి ఇష్టంగా చెప్పడం అంటే అదీ. ప్రశ్నలతో వెళ్లండి. అడిగితేనే ఆ గదులు మాట్లాడతాయి.

తరువాత సీహౌసెస్ రేవు నుంచి బోటు ఎక్కి లాంగ్‌స్టోన్ చూడాలి. మేము వెళ్లిన రోజు ఎండగా ఉన్నా, అలల పొంగు ఎక్కువగా ఉందని దీవి మీద దింపే ట్రిప్పు రద్దు చేశారు. నాతో వచ్చిన శ్రీకాకుళం కుర్రవాడు నిరాశపడ్డాడు. నాకైతే ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ల మీద గౌరవం కలిగింది. అక్కడి రాళ్ల దగ్గర పొంగును లెక్కచేయని వాడి బోటు నేను ఎక్కను. మరో వారాంతం మళ్లీ వెళ్లాం. ఎరుపు తెలుపు పట్టీల దీపస్తంభం, 1826లో కట్టినది. 1990 నుంచి మనిషి అవసరం లేకుండా దానంతటదే వెలుగుతోంది. గ్రేస్ గది చిన్నది, కిటికీ ఇంకా చిన్నది. అందులోంచి బిగ్ హార్కర్ వైపు చూడండి. ప్రశాంతమైన రోజున కూడా ఆ నల్ల రాళ్ల చుట్టూ నీళ్లు తెల్లగా విరుగుతుంటాయి. బోటు ఆ రాళ్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు దక్షిణపు పక్క నీళ్లు నిజంగానే నెమ్మదిగా ఉన్నాయి. విలియం పట్టుకున్న దారి అదే.

కొన్ని పనికొచ్చే మాటలు. ముందు మ్యూజియం, తరువాత దీవి. తిరగేస్తే రాళ్లు ఉత్త రాళ్లుగానే కనిపిస్తాయి. దీవి మీద దింపే ట్రిప్పా, చుట్టూ తిప్పి తెచ్చేదా అన్నది టికెట్ కొనేముందు స్పష్టంగా అడగండి. వేసవి అయినా గాలి ఆగే కోటు తీసుకెళ్లండి. సముద్రపు కుదుపు పడనివాళ్లు బోటు ఎక్కి దిగాకే సీహౌసెస్‌లో వేడి చేపలూ చిప్సూ తినండి. అక్కడి పొగబెట్టిన హెర్రింగ్ చేప మన ఎండుచేప రుచి తెలిసినవాళ్లకు బాగా నచ్చుతుంది, అన్నంలోకి దాచుకుని తెచ్చుకున్నాం. చలికాలంలో మ్యూజియం పనివేళలు తగ్గుతాయి, ముందే చూసుకోండి. గ్రేస్ సమాధి ఎదురుగా చర్చి ఆవరణలోనే ఉంది. దారిన పోయే ఓడలకు కనిపించేలా కట్టిన స్మారకం కూడా అక్కడే ఉంది, తెడ్డు పక్కన పెట్టుకుని పడుకున్న ఆమె శిల్పంతో.

బ్రిటన్ తీరంలో ఎవరైనా నీళ్లలో ఆపదలో కనిపిస్తే 999కి ఫోను చేసి కోస్ట్‌గార్డ్‌ను అడగాలి. మన దేశంలో సముద్రం మీద ఆపదకు కోస్ట్ గార్డ్ నంబరు 1554. న్యూకాజిల్ నుంచి ఎక్స్18 బస్సు సీహౌసెస్, బాంబ్రా రెండూ కలుపుకుంటూ పోతుంది, ప్రయాణం రెండు గంటలకు పైనే. సాయంత్రం బస్సులు తక్కువ, తిరుగు బస్సు వేళ రాసుకుని బయలుదేరండి.